మే నెలలో ఫ్లెమింగోలు చూపిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

తిరుపతిలో ఉంటూ, ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్దామనుకునే వాళ్ళు ఒకసారి ఇది చదవండి. మేం ఎలా మోసపోయామో చెప్తాను. ట్రావెల్స్ పేరు రాయను, అది వచ్చే నెలకు ఎలాగూ మారిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన చూశాను. పులికాట్‌లో ఫ్లెమింగోలు, శ్రీహరికోటలో రాకెట్ సెంటర్, తూపిలిపాలెం బీచ్, మధ్యాహ్నం అప్పుడే పట్టిన వంజరంతో నెల్లూరు చేపల పులుసు, అన్నీ ఒక్క రోజులో. మనిషికి 1,800 రూపాయలు. అమ్మ, అత్తమ్మ, మేమిద్దరం, తమ్ముడు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఏడుగురం. పిల్లలకు తగ్గింపు లేదన్నాడు ట్రావెల్స్ అతను. 12,600లో సగం, అంటే 6,300 ఫోన్‌పేలో ముందే పంపాను. పంపేటప్పుడు వచ్చిన పేరు ట్రావెల్స్‌ది కాదు, ఎవరో మనిషిది. మా ఆవిడ అప్పుడే అడిగింది. "ఓనర్ పేరు అయ్యుంటుందిలే" అన్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఆదివారం పొద్దున ఐదున్నరకు లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడ్డాం. మాట్లాడుకున్నది ఏసీ టెంపో ట్రావెలర్. వచ్చింది తెల్ల నంబర్ ప్లేటు ఉన్న పాత ఏడు సీట్ల కారు. డ్రైవర్‌తో కలిపి ఎనిమిది మందిమి అందులోనే ఇరుక్కున్నాం. బాడుగకు తిప్పే బండికి పసుపు ప్లేటు ఉండాలి. సొంత బండిని బాడుగకు తిప్పుతున్నప్పుడు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు కొర్రీలు పెడతారు. తెలిసి కూడా ఎక్కాను, పిల్లలు అప్పటికే సీట్లలో కూర్చున్నారు మరి.

బండి రేణిగుంట దాటాక అమ్మకు ప్రోగ్రాం మొత్తం చెప్పాను. అమ్మ పుట్టిల్లు నాయుడుపేట పక్కన. "వేసవిలో పక్షులు యాడుంటాయిరా?" అంది. ఆ ముక్క డబ్బు పంపే ముందు అడిగుండాల్సింది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు చెరువు మధ్యలోంచే పోతుంది. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది మన పులికాటే అని పిల్లలకు దారంతా ఊదరగొట్టాను. తీరా చూస్తే రోడ్డుకు రెండు పక్కలా ఎండి బీటలు పడిన బురద, దాని మీద తెల్లగా ఉప్పు పొర. దూరంగా నాలుగు కొంగలు. ఫ్లెమింగోలు అక్టోబర్ తర్వాత వస్తాయి, మార్చి అయ్యేసరికి చాలావరకు వెళ్ళిపోతాయి. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) కాలం కూడా అంతే. పాప "పింక్ బర్డ్స్ ఏవి నాన్నా?" అంటే డ్రైవర్ అందుకుని "ఇప్పుడే లేచిపోయుంటాయి పాపా" అన్నాడు. నిజమే, రెండు నెలల కిందట.

షార్, అదే శ్రీహరికోట రాకెట్ సెంటర్, గేటు దగ్గర రెండు నిమిషాలు కూడా నిలవనివ్వలేదు. సెక్యూరిటీ వాళ్ళను అనడానికి లేదు, ముందస్తు అనుమతి లేనిదే బయటివాళ్ళను లోపలికి పంపరు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో జనం చూడటానికి గ్యాలరీ ఉంది, దానికి ఇస్రో వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మా ప్యాకేజీలో మాత్రం "ఎంట్రీ ఫీజు కలిపి" అని రాసుంది.

తూపిలిపాలెం సముద్రం బాగుంది, అబద్ధం చెప్పను. పిల్లలు ఇసుకలో గంటన్నర ఆడుకున్నారు. డ్రైవర్ తనంతట తనే వచ్చి మా ఫోటోలు కూడా తీశాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని ఈ రోజు చేపలు ఏం పడ్డాయని అడిగా. ఆయన నన్ను వింతగా చూసి, "వేట నిషేధం కదా సార్, జూన్ పదిహేను దాకా బోట్లు కదలవు" అన్నాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మరి మా "అప్పుడే పట్టిన వంజరం" యాడనుంచి వచ్చినట్టు?

భోజనానికి డ్రైవరే ఒక హోటల్ దగ్గర ఆపాడు. గోడ మీద ధరల బోర్డు లేదు. పులుసు ప్యాకేజీలోది, వేపుడు కావాలంటే విడిగా బిల్లు అన్నారు. పిల్లల కోసం వంజరం వేపుడు ఒక ప్లేటు చెప్పాం. వంజరం ముక్కను అడ్డంగా కోస్తే మధ్యలో గుండ్రటి ముల్లు కనిపిస్తుంది, కండ గట్టిగా ఉంటుంది. వీళ్ళు తెచ్చింది ముల్లే లేని తెల్లటి మెత్తటి ముక్క, నొక్కితే నీళ్ళు వదులుతోంది. అమ్మ వేలితో విడదీసి చూసి పక్కన పెట్టేసింది. "ఇది వంజరం కాదు, చెరువుల్లో పెంచే పంగాస్" అంది. పులుసులో మామిడికాయ వాసన కూడా లేదు, చింతపండు, కారం అంతే. వేపుడుకు 1,400 వేశారు. పచ్చి చేప బరువుకు లెక్కట. తూచినప్పుడు మమ్మల్ని పిలవలేదే అంటే, కౌంటర్లో మనిషి మా డ్రైవర్ వైపు చూసి నవ్వాడు. చివరికి అత్తమ్మ డబ్బాలో పెట్టి తెచ్చిన పులిహోరే అందరం తిన్నాం.

సాయంత్రం మిగతా డబ్బు ఇవ్వనన్నాను. బండిని నాయుడుపేట దగ్గర రోడ్డు పక్కన ఆపేశాడు. పిల్లలు, పెద్దవాళ్ళు, చీకటి పడుతోంది. ఇచ్చేశాను. ఇంటికొచ్చి వాట్సాప్ తీస్తే పాత మెసేజ్‌లు ఒక్కటీ లేవు. మొదటి రోజే ట్రావెల్స్ అతను మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టాడు, నేను గమనించలేదు. మీరు ఎవరితో బేరం చేసినా ఆ సెట్టింగ్ చూసుకోండి, రేటు మాట్లాడగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నా దగ్గర మిగిలింది ఫోన్‌పే రసీదు, హోటల్ బిల్లు. వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను.

ఆ ప్రకటన ఇంకా తిరుగుతోంది. ఈసారి ఫ్లెమింగోల పక్కన తూపిలిపాలెం ఇసుకలో నవ్వుతున్న ఇద్దరు పిల్లల ఫోటో పెట్టాడు. వాళ్ళు మా పిల్లలే. తీసేయమని రెండుసార్లు మెసేజ్ పెట్టాను, చూసి వదిలేశాడు.