ఏడేళ్లుగా నేను వెళ్తున్న ఎనిమిది కుర్చీల సుషీ కొట్టు

టోక్యోలో తోజాయ్ లైన్ ఎక్కేవాళ్లకి మొంజెన్-నకచో స్టేషన్ తెలిసే ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి నుంచి నాలుగోది. ఫుకాగావా ఫుదో గుడి, తొమియోకా హచిమాన్ గుడి రెండూ అక్కడే. ఆ చుట్టుపక్కల సందుల్లో ఒకదాంట్లో ఉంది ఈ కొట్టు. పేరు రాయను. పేరూ ఫోటోలూ నెట్‌లో పెట్టొద్దని యజమాని నన్ను మొదట్లోనే అడిగారు. ఉన్నవి ఎనిమిది కుర్చీలు, పాత కస్టమర్లకే చాలడం లేదు. కాబట్టి ఇలాంటి కొట్టుకి వెళ్లాలని ఉండి, ఎలా ఉంటుందో తెలియక ఆగిపోయిన మనవాళ్ల కోసం రాస్తున్నాను. టోక్యోలో ఇలాంటివి ప్రతి పేటలోనూ ఉంటాయి.

నేను మొదటిసారి వెళ్లింది 2018 అక్టోబర్‌లో. చేపల మార్కెట్ త్సుకిజీ నుంచి తొయోసుకి మారింది ఆ నెల 11నే. ఆ రాత్రి కౌంటర్ దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. నా జపనీస్ అప్పుడు అంతంతమాత్రం, సగం అర్థం కాలేదు. ఆఫీసులో నా సీనియర్ ఒకాయన తీసుకెళ్లారు కాబట్టి లోపలికి రానిచ్చారు గానీ, ఒక్కణ్ణే అయితే ఆ తలుపు తీసే ధైర్యం చేసేవాణ్ణి కాదు. బయట మెనూ లేదు, ధరలు లేవు, కిటికీ లేదు. గుమ్మానికి నీలం గుడ్డ ఒకటి వేలాడుతుంది. దాన్ని నోరెన్ అంటారు. అది కట్టి ఉంటే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసినట్టు.

అప్పటి నుంచి నెలకోసారి చొప్పున, కరోనా నెలలు పోగా, డెబ్బై సార్లకు పైనే వెళ్లి ఉంటాను.

లోపల ఒకే ఒక్క చెక్క కౌంటరు. దాని వెనక యజమాని. ఆయన్ని అందరూ తైషో, అంటే కొట్టు పెద్ద, అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన భార్యని ఒకామి-సాన్, అంటే కొట్టు యజమానురాలు, అంటారు. టీ, సాకే అనే బియ్యపు మద్యం, బిల్లు ఆవిడే చూసుకుంటారు. కూర్చోగానే వేడి తడి తువ్వాలు చేతికిస్తారు. మెనూ ఉండదు. ఒమకాసె అంటే 'మీకే వదిలేస్తున్నాను' అని. ఆ రోజు పొద్దున తొయోసులో ఏది బాగుంటే అది తెస్తారు, ఏది ముందు ఏది తర్వాత అనేది కూడా ఆయనే నిర్ణయిస్తారు. ముందు రెండు మూడు చిన్న వంటకాలు, తర్వాత పది పన్నెండు సుషీలు, ఆఖర్న గుడ్డు, సూప్.

మొదటి ఏడాదంతా నా దృష్టి చేపల మీదే ఉండేది. ట్యూనా పొట్ట భాగం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు నేను అక్కడికి వెళ్లేది అన్నం కోసం.

ఆయన అన్నంలో కలిపేది అకాజు, అంటే ఎర్ర వెనిగర్. సాకే తీశాక మిగిలే పిప్పిని ఏళ్ల తరబడి మాగబెట్టి చేస్తారు. అందుకే అన్నం తెల్లగా ఉండదు, లేత గోధుమరంగులో ఉంటుంది. పంచదార తియ్యదనం నాలుకకి తగలదు. పులుపు కూడా ముందు తెలియదు, మింగాక తెలుస్తుంది. టోక్యోని 'ఎదో' (Edo) అనే పాత పేరుతో పిలిచిన రోజుల్లో, 1800ల మొదటి సగంలో, బండి మీద అమ్మిన సుషీ పద్ధతి ఇది. ఐసు లేని కాలం కాబట్టి చేపని ఉప్పులో, వెనిగర్‌లో, సోయా సాస్‌లో నానబెట్టో, ఉడకబెట్టో నిలవ ఉంచేవారు. తైషో ఇప్పటికీ చాలా చేపలకి అదే చేస్తారు. పచ్చి చేప ముక్క కోసి అన్నం మీద పెట్టేయడమే సుషీ అనుకునేవాళ్లు ఆ కౌంటర్ దగ్గర ఒక్క గంట కూర్చుంటే చాలు.

ఆయన చేసేది దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. కుడి చెయ్యి వెనిగర్ నీళ్లలో తడిపి, అరచేతులు ఒకసారి చప్పుడయ్యేలా తట్టి, చెక్క గిన్నెలోంచి అన్నం తీస్తారు. బొటనవేలంత ముద్ద. ఎక్కువైన రెండు మూడు మెతుకులు గిన్నె అంచుకి రాసేస్తారు. ఎడమ చేతిలో చేప ముక్క, దాని మీద చూపుడు వేలితో వసాబి అనే ఘాటైన పచ్చ ముద్ద, ఆపైన అన్నం. బొటనవేలితో మధ్యలో చిన్న నొక్కు, తిరగేసి ఇంకో రెండు నొక్కులు, అంతే. మొత్తం ఐదారు సెకన్లు. నా ముందున్న పళ్లెంలో పెట్టాక ఆ సుషీ ఒక్క క్షణం కిందికి దిగుతుంది. మెతుకుల మధ్య గాలి వదిలేశారు కాబట్టి చేప బరువుకి అన్నం కొంచెం కుంగుతుంది. అది కుంగడం ఆగేలోపే నోట్లో పెట్టుకోవాలి. చేత్తో తినొచ్చా అని మొదటి రోజు భయంభయంగా అడిగాను. చేత్తో తింటేనే విడిపోకుండా ఉంటుంది అన్నారు. ఆ మాట నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అన్నం వేడి ఒంటి వేడంత ఉంటుంది. చల్లారితే మెతుకు గట్టిపడుతుంది, మరీ వేడైతే చేప వాసన వస్తుంది. అందుకే ఆయన ఒకేసారి వండి పెట్టుకోరు, సాయంత్రం ఆరుకోసారి, ఎనిమిదిన్నరకోసారి కొంచెం కొంచెం వండుతారు. నేను ఎప్పుడూ ఆరు గంటలకే బుక్ చేసుకుంటాను.

ఇదంతా నాకు అర్థమైంది 2020లో. ఏప్రిల్ 7న టోక్యోలో ఎమర్జెన్సీ పెట్టారు. కొట్లు రాత్రి 8కే మూసేయమన్నారు. తైషో అన్నం మీద చేప ముక్కలు, గుడ్డు, దోసకాయ పరిచి డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. నేను ప్రతి శుక్రవారం వెళ్లి రెండు డబ్బాలు తెచ్చుకునేవాణ్ణి. ఆయన చేతి చేపే, ఆయన చేతి వెనిగరే. ఇంటికొచ్చి తింటే సగం రుచే ఉండేది. తోజాయ్ లైన్‌లో నాలుగు స్టేషన్లు, ఆపైన పది నిమిషాల నడక. ఆ దూరంలో అన్నం చల్లారిపోయేది. కౌంటర్ దగ్గర ఆయన చేతికీ నా నోటికీ మధ్య రెండడుగులు ఉంటాయి. నేను కట్టేది ఆ రెండడుగులకే అని ఆ డబ్బాలు తింటున్నప్పుడు తెలిసింది. ఎనిమిది కుర్చీలకి మించి ఎందుకు వేయలేదో కూడా అప్పుడే తెలిసింది. ఒక్క మనిషి చెయ్యి అంతవరకే అందుతుంది.

చేపల్లో నాకు బాగా నచ్చేది కొహాదా. వెండిలా మెరిసే చర్మం మీద నల్ల చుక్కలుండే చిన్న చేప. చవకది. ముందు ఉప్పు, తర్వాత వెనిగర్. ఉప్పులో ఎన్ని నిమిషాలు ఉంచాలన్నది ఆ రోజు చేపలో ఉన్న కొవ్వుని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుందట. సుషీ కొట్టు ఎలాంటిదో కొహాదా తిని చెప్పొచ్చని పాత కస్టమర్లు అంటారు, నేనూ ఇప్పుడు నమ్ముతున్నాను. జపాన్ ఎండాకాలంలో దీని పిల్లలు వస్తాయి, వాటిని షింకో అంటారు. మరీ చిన్నవి కావడంతో ఒక్క సుషీకి రెండు మూడు చేపలు పట్టేస్తాయి. కిలో ధర ఆకాశంలో ఉంటుంది. అయినా జులైలో ఒక్కసారైనా తెస్తారు. ఆ రాత్రి కౌంటర్ దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కత్సువో అనే చేప ఉంది, వసంతంలో వచ్చే కత్సువో వేరు, శరదృతువులో కొవ్వుపట్టి వెనక్కి వచ్చే కత్సువో వేరు. చలికాలంలో బురి అనే ఇంకో చేప. ఇక సన్మా అనే చేప 2019 తర్వాత కొన్నేళ్లు సముద్రంలో బాగా తగ్గిపోయింది, నేను కొత్తగా వెళ్లిన రోజుల్లో ఉన్నంత లావుగా ఆ ఏళ్లలో కనపడలేదు.

శాకాహారుల సంగతి విడిగా చెప్పాలి, మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యం ఇదే. 2019లో నేను తప్పు చేశాను. చేప తినని స్నేహితుణ్ణి ఒకణ్ణి ముందు చెప్పకుండా తీసుకెళ్లాను. కూరగాయలతో ఏదో ఒకటి చేస్తారులే అనుకున్నాను. చేప ముక్క కనపడకపోయినా చేప ఉండని వంటకం అక్కడ దాదాపు లేదు. దాషి అనే చారు అన్నిట్లో ఉంటుంది. అది కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో తురుముతో చేస్తారు. మిసో అనే సోయా ముద్దతో చేసే సూప్‌లో అదే, ఉడికించిన ముల్లంగిలో అదే. వాడు రెండు దోసకాయ రోల్స్ తిని లేచాడు. తైషో ముఖం చూడలేకపోయాను. కోపంతో కాదు, ఇంటికొచ్చిన మనిషి ఆకలితో వెళ్తున్నాడన్న బాధతో ఉంది ఆ ముఖం.

2023 నవంబర్‌లో అమ్మ వచ్చింది. అమ్మ చేప ముట్టదు. ఆ కొట్టు చూస్తానంది. ఈసారి వారం ముందే ఫోన్ చేసి వివరంగా చెప్పాను. తైషో ఒకటే ప్రశ్న అడిగారు: "గుడ్డు తింటారా?" తినదన్నాను. మంచిదే, నా గుడ్డులో రొయ్య ముద్ద ఉంటుంది అన్నారు. ఏళ్ల తరబడి తింటున్న నాకే ఆ సంగతి తెలియదు.

ఆ రోజు అమ్మకి విడిగా చారు కాచారు, కొంబు, ఎండు షీతాకె పుట్టగొడుగులు రాత్రంతా నానబెట్టిన నీళ్లతో. కాల్చి తోలు తీసిన వంకాయ సుషీ పెట్టారు. తర్వాత నువ్వులనూనె చుక్క వేసిన పుట్టగొడుగు, తవుడులో ఊరబెట్టిన ముల్లంగి, తీపి సోయాలో ఉడికించిన ఎండు సొరకాయ పోగుల రోల్. నాకు చేప కోసే కత్తి పక్కన పెట్టి, అమ్మ వంతు వచ్చినప్పుడల్లా కత్తి, పలక రెండూ కడిగి మొదలుపెట్టారు. అది మేము అడగలేదు. అమ్మ అంతా చూస్తూ ఉంది. వంకాయ తిన్నాక, "ఇంకోటి పెట్టమను నాన్నా" అంది. నేను చెప్పేలోపే ఆయన ఇంకో వంకాయ నిప్పుల మీద పెట్టేశారు. అమ్మకి జపనీస్ రాదు, ఆయనకి తెలుగు రాదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. కార్డులు తీసుకోరు, నగదే. బుకింగ్ ఫోన్ మీదే, అదీ జపనీస్‌లో. ఆదివారం, బుధవారం సెలవు. ఆదివారాలూ చాలా బుధవారాలూ మార్కెట్ ఉండదు, చేప లేదంటే కొట్టు లేదు. కుర్చీలు ఇరుకు, మోకాళ్లు గోడకి తగులుతాయి. సెంటు పూసుకుని వెళ్లకూడదు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే మిగతా ఏడుగురి భోజనం వరసా తప్పుతుంది, ఆయన ఏమీ అనరు గానీ తెలిసిపోతుంది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది పక్కవాళ్లు. ఎనిమిది కుర్చీల్లో నాలుగు ఒకే ఆఫీసు గుంపుకి వెళ్తే ఆ రాత్రి వాళ్లదే. 2022లో ఒకసారి అలాగే అయింది. తాగి గంటన్నర అరిచారు. వాళ్ల ముందు పెట్టిన సుషీలు పది నిమిషాలు అలాగే ఎండిపోయాయి. తైషో వాళ్లని ఒక్క మాట కూడా అనలేదు. అన్నారని తెలిస్తే రేపు వాళ్ల ఆఫీసు నుంచి ఎవరూ రారేమో, నాకు తెలియదు. నేనైతే ఆ రోజు పూర్తి డబ్బు కట్టి సగం భోజనం చేసినట్టు ఫీలయ్యాను. ఇప్పటికీ అది ఆయన పొరపాటే అంటాను. పెద్ద రెస్టారెంట్‌లో అయితే టేబుల్ మార్చమని అడగొచ్చు, ఇక్కడ మారడానికి చోటు లేదు.

ధర. మొదటిసారి సాకే కాకుండా 8,000 యెన్లు. ఇప్పుడు 12,000, దాని మీద 10 శాతం పన్ను. టిప్పు ఉండదు, ఇస్తే తీసుకోరు. 2025 వసంతంలో సూపర్ మార్కెట్లలో 5 కిలోల బియ్యం 4,000 యెన్లు దాటింది, ఏడాది ముందు అందులో సగమే. అప్పుడు ఒక్కసారే 1,000 పెంచారు. గోడ మీద ఒకామి-సాన్ చేత్తో రాసిన చిన్న కాగితం అంటించారు, క్షమించమని. టోక్యోలో ఖరీదైన పేట గింజా వైపు ఇలాంటి భోజనానికి 30,000 తీసుకునే చోట్లు చాలానే ఉన్నాయి. ఒకట్రెండు చోట్ల తిన్నాను కూడా. ట్యూనా అక్కడ ఇంకా గొప్పగా ఉంది, నిజం. కొహాదా మాత్రం ఇక్కడిదే.

కొత్తగా వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి. టీని అగారి అనీ, బిల్లుని ఒఐసో అనీ అనాలని నెట్‌లో రాస్తారు. అవి కొట్టువాళ్లు తమలో తాము వాడుకునే మాటలు. కస్టమర్ ఓచా అంటే చాలు, బిల్లుకి ఓకైకెయి అంటే చాలు. లేచేటప్పుడు గొచిసోసామా అనండి, పెట్టిన భోజనానికి దణ్ణం పెట్టినట్టు. ఫోటో తీయాలనుంటే అడిగి, ఒక్కటే తీయండి. ఆ లోపల సుషీ కుంగిపోతూ ఉంటుంది.

తైషోకి డెబ్బై దగ్గరపడ్డాయి. శిష్యులెవరూ లేరు. ఈ ఏడాది నుంచి మంగళవారం కూడా మూసేస్తున్నారు, నడుం నొప్పి అని ఒకామి-సాన్ చెప్పారు. మునుపు తలుపు పక్క కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ఎడమ చివరి కుర్చీ అడుగుతున్నాను. అన్నం గిన్నె ఉండేది దాని ఎదురుగానే. వచ్చే నెల రెండో శుక్రవారం ఆరు గంటలకి అదే దొరికింది.