అతి చిన్న ప్రసంగం, అతి పెద్ద ప్రసంగం

అమెరికా అధ్యక్షుల ప్రమాణ స్వీకార ప్రసంగాలలో అతి చిన్నది జార్జ్ వాషింగ్టన్ 1793 మార్చి 4న ఫిలడెల్ఫియాలో, రెండోసారి పదవి చేపడుతూ చేసినది. ఇంగ్లీషులో అది 135 మాటలే. అతి పెద్దది విలియం హెన్రీ హారిసన్ 1841లో అదే తేదీన చేసినది. 8,445 మాటలు, దాదాపు రెండు గంటలు.

హారిసన్‌కు అప్పటికి 68 ఏళ్లు. చలిలో కోటూ టోపీ లేకుండా నిలబడి, ప్రాచీన రోము చరిత్రను తవ్వి తీస్తూ, అధ్యక్షుడి అధికారానికి హద్దులుండాలనీ, తాను రెండోసారి పోటీ చేయననీ చెప్పారు. ఆయన విదేశాంగ మంత్రిగా ఎంచుకున్న డేనియల్ వెబ్‌స్టర్ కత్తిరించగా మిగిలిన నిడివి అది! నెల తిరిగేసరికి, ఏప్రిల్ 4న, హారిసన్ కన్నుమూశారు. ఆ చలే ప్రాణం తీసిందన్న మాట నేటికీ వినబడుతుంది గాని, ఆయన జబ్బుపడింది మూడు వారాల తరువాత కనుక ఆ వాదన నిలిచేదిగా నాకు తోచదు. శ్వేతసౌధానికి వచ్చే నీరు కలుషితమై విషజ్వరం సోకి ఉండవచ్చని ఇటీవలి పరిశోధకులు కొందరు భావిస్తున్నారు.

అధికారపు హద్దుల గురించే వాషింగ్టన్ చెప్పిన ఒక్క వాక్యం నాకు మరింత బరువైనదిగా కనిపిస్తుంది. తాను తెలిసి రాజ్యాంగ విధులను ఉల్లంఘిస్తే, రాజ్యాంగం విధించే శిక్షతో పాటు, ఆ ప్రమాణానికి సాక్షులైన వారందరి నిందకూ పాత్రుడనవుతానని ఆయన అన్నారు.