ఆటోనగర్‌లో డెఫ్ కొనాలంటే నేను వెళ్లే షాపు

విజయవాడ ఆటోనగర్‌లో బీఎస్-6 (2020లో వచ్చిన పొగ నిబంధనల) లారీలకి డెఫ్, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి చిమ్మే యూరియా ద్రావణం, అమ్మేవాళ్లకి కొదవలేదు. నేను మాత్రం లోపలి వీధిలో, కమాన్ పట్టీల పనివాళ్ల పక్కనున్న చిన్న షాపుకే వెళ్తాను. 20 లీటర్ల బకెట్ మీద బయటకన్నా కాస్త ఎక్కువే తీసుకుంటాడు. ఇస్తాను, సంతోషంగానే.

సీలు మన ముందే తీసి, ఒక చుక్క యూరియా శాతం చూపే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి, "మీరే చూడండన్నా" అని చేతికిస్తాడు. గీత 32.5 దగ్గర నిలవాలి. అంతే శాతం యూరియా, మిగతాది మినరల్స్ తీసేసిన నీళ్లు. అయితే ఆ చుక్క అన్నీ చెప్పదు. పొలానికి చల్లే యూరియాని బోరు నీళ్లలో కలిపినా గీత అక్కడే నిలబడొచ్చు. 2015 నుంచి ఎరువు యూరియాకి వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, ఎరువులో ఉండే బైయూరెట్ అనే మలినం, నీళ్లలోని కాల్షియం కలిసి, పొగని శుభ్రం చేసే కేటలిస్ట్‌ని చంపేస్తాయి. అందుకే ఈయన బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, డెఫ్ నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ఓ 22241 టెస్టు కాగితం మనం అడక్కముందే చూపిస్తాడు. నాకు నచ్చింది ఇదే.

తెలిసిన డ్రైవరొకాయన హైవే మీద లేబుల్ లేని క్యాను చవగ్గా వస్తోందని పోయించుకున్నాడు. నాజిల్ చుట్టూ తెల్లగా గడ్డకట్టింది, మీటర్‌లో లైటు వెలిగింది, లోడుతో ఎత్తు ఎక్కలేనంతగా పికప్ పడిపోయింది. కేటలిస్ట్ మార్చడానికి ఎస్టిమేట్ లక్ష దాటింది.

డబ్బు ఒక్కటే కాదు నా బాధ. సైలెన్సర్ డబ్బాలో తేనెపట్టులాంటి గదులుంటాయి, వాటికి రాగి జియోలైట్ లాంటి పూత, అదే కేటలిస్ట్. వేడి పొగలోకి చిమ్మిన డెఫ్ అమ్మోనియాగా మారి, ఆ పూత మీద నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులతో కలిసి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా బయటికి పోతుంది. పెద్ద బండ్లకి ఇంజిన్ చేసే ఒక్కో కిలోవాట్ అవర్ పనికి 3.5 గ్రాములున్న ఈ ఆక్సైడ్ల పరిమితి 2020 ఏప్రిల్ నుంచి 0.4కి వచ్చిందంటే దీని చలవే. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలెత్తే హమాలీలు రోజంతా లారీల వెనకే ఉంటారు. వాళ్ల ఊపిరితిత్తులకి నకిలీ డెఫ్ సంగతి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, పొగ సుమారు 200 డిగ్రీలు దాటితేగాని ఇది సరిగా పనిచెయ్యదు. ఊరికే తిరిగే ఇంజిన్ పొగ అంత వేడెక్కదు, అందుకే లోడింగ్ దగ్గర ఇంజిన్ ఊరికే తిప్పకండి, ఆపెయ్యండి.

డెఫ్ లేకపోయినా ఉన్నట్టు బండి కంప్యూటర్‌ని మోసం చేసే బాక్సు బిగించమని నా ముందే ఒకాయన బేరమాడాడు. షాపాయన ఒప్పుకోలేదు, ఎంతిస్తానన్నా. ఆ రోజు నుంచి నాకు గౌరవం ఇంకా పెరిగింది.

లోటు ఒకటుంది. సరుకు ఎక్కువైనప్పుడు కొన్ని బకెట్లు రేకు కింద ఎండ తగిలేచోట పెడుతున్నాడు. 30 డిగ్రీల్లో ఏడాది నిలిచే డెఫ్ 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మన బెజవాడ ఎండలకి ఇది చిన్న విషయం కాదు, ఆయనతోనూ చెప్పాను. మే నెలలో వెళ్తే లోపలి గదిలోది తెమ్మనండి. పన్నెండు చక్రాల బండి ఆ వీధిలో తిరగదు. మెయిన్ రోడ్డు మీద ఆపి ఫోన్ చేస్తే కుర్రాడే బకెట్, శుభ్రమైన గరాటు తెచ్చి పోసి వెళ్తాడు.