కేబీఆర్ పార్కు: లోపల అయిదు స్టార్లు, కంచె దగ్గర రెండున్నర

పదకొండేళ్లుగా వారంలో నాలుగైదు రోజులు హైదరాబాద్‌లోని కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) పార్కులోనో, దాని చుట్టూ ఉన్న నడకదారి మీదో నడుస్తున్నాను. ఇక్కడి గురించి జనం రాసేవన్నీ నిజమే. నెమళ్లు కనిపిస్తాయి, గాలి బాగుంటుంది, ఆదివారం పార్కింగ్ దొరకదు. కానీ ఎవరూ పెద్దగా రాయని విషయం ఒకటుంది. అది ఈ పార్కు అంచు, అంటే కంచె, దాన్ని ఆనుకుని ఉన్న నడకదారి, ఆ పక్కనే రోడ్డు. నా రివ్యూ దాని గురించే.

ముందు లోపలి సంగతి త్వరగా చెప్పేస్తాను. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి వైపు మెయిన్ గేటు దాటి వంద అడుగులు వేస్తే చాలు, ఊరు వెనకబడిపోతుంది. ఎర్రమట్టి బాట, రెండు వైపులా వేప, మోదుగ, రేల, సీతాఫలం పొదలు, మధ్యలో మన దక్కను గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి. ఎండాకాలం మొదట్లో మోదుగ పూసినప్పుడు ఒక్కసారైనా వెళ్లాలి. చివరి నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ కూడా ఈ అడవిలోనే ఉంది. నెమలి కూత వినని పొద్దు నాకు గుర్తులేదు. ఇంత పెద్ద ఊరి నడిబొడ్డున ఇలాంటి చోటు మిగలడమే గొప్ప. లోపలికి అయిదుకు అయిదు, ఇంకో మాట లేదు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది దీన్ని పిల్లల్ని ఆడించే పార్కులాంటిదే అనుకుంటారు, పేరులో పార్కు ఉంది కదా అని. ఇది నేషనల్ పార్కు. 1998లో ఆ హోదా వచ్చింది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి వర్తిస్తుంది. అంటే చట్టం దృష్టిలో ఇదీ నల్లమల లాంటి అడవుల వరసలోదే. తేడా సైజులో ఉంది. ఇది నాలుగు వందల ఎకరాల లోపే. చుట్టూ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, చెక్‌పోస్టు, రోజంతా ఆగని ట్రాఫిక్. పెద్ద అడవిలో అంచున ఏదైనా జరిగితే జంతువు లోపలికి వెళ్లిపోతుంది. ఇక్కడ ఎంత లోపలికి వెళ్లినా కాసేపట్లో ఇంకో అంచు వచ్చేస్తుంది.

పోయిన ఆగస్టులో ఒక పొద్దున చూసింది చెబుతాను. ముందు రోజు రాత్రి పెద్ద వాన. బయటి నడకదారి మీద చెక్‌పోస్టు వైపు వెళ్తున్నాను. ఒకచోట కంచె కింద మట్టి కోసుకుపోయి జానెడు సందు పడింది. లోపల ఒక ఆడ నెమలి కంచె వెంబడే అటూ ఇటూ తిరుగుతోంది, మెడ చాచి బయటికే చూస్తోంది. ఏమిటా అని చూస్తే దాని పిల్ల ఒకటి ఆ సందులోంచి బయటికి వచ్చేసి, నడకదారి మధ్యలో తడి టైల్స్ మీద నిలబడిపోయింది. కోడిపిల్ల కన్నా కాస్త పెద్దది, నెత్తిన నాలుగు ఈకలు మాత్రం అప్పుడే నిక్కబొడుచుకుని ఉన్నాయి. రెండు గజాల అవతల రోడ్డు, బస్సు హారన్. నా ముందు నడుస్తున్న ఒక పెద్దాయన చేతికర్ర అడ్డంగా పెట్టి అందరినీ ఆపేశారు. వెనకనుంచి పరుగెత్తుకుంటూ వస్తున్న కుర్రాణ్ణి కూడా, "జర ఆగు బాబూ, పిల్ల లోపలికి పోనీ" అన్నారు. ఆ అబ్బాయి వెంటనే ఆగి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాడు. పది పన్నెండు మందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తల్లి ఒక్కసారి గట్టిగా అరిచింది. పిల్ల గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, సందు కనిపెట్టి దూరిపోయింది. వారం తర్వాత వెళ్తే ఆ సందులో రాళ్లు పేర్చి, మట్టి కొట్టి మూసేశారు. ఆ పని చేసిన సిబ్బంది ఎవరో నాకు తెలియదు కానీ వాళ్లకు నమస్కారం.

ఆ రోజు నుంచి ఈ కంచె మీద నా ధ్యాస పెరిగింది. కాగితాలు చదవడం మొదలుపెట్టాను.

నేషనల్ పార్కు రక్షణ కంచెతో ఆగిపోదు. దాని బయట కొంత మేర ఎకో సెన్సిటివ్ జోన్ అని ఉంటుంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం దాన్ని నోటిఫై చేస్తుంది. ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు, దేనికి అనుమతి కావాలి అన్నవి అందులో ఉంటాయి. అడవికి ఊరికి మధ్య కాస్త ఊపిరి తీసుకునే జాగా అన్నమాట. కేబీఆర్‌కు 2020 అక్టోబరులో వచ్చిన తుది నోటిఫికేషన్ ప్రకారం ఆ జాగా ఎంతో తెలుసా? కొన్నిచోట్ల 29.8 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లు. ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు అన్నారు. ఫైనల్‌కి వచ్చేసరికి మూడు మీటర్లకు దిగింది.

మూడు మీటర్లంటే ఒక ఆటో, దాని పక్కన ఒక బైకు పట్టే వెడల్పు. నేను వాకింగ్‌లో నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది. రోడ్డు మీద ఒక్క లేను కూడా దీనికన్నా కాస్త వెడల్పే ఉంటుంది. నేషనల్ పార్కు రక్షణ కోసం పెట్టిన జాగా ఇది. నాకు నిజంగా బాధేసింది.

ఇంకో వైపు కూడా ఆలోచించాను. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం ఒక కిలోమీటరు జోన్ ఉండాలని చెప్పింది, 2023 ఏప్రిల్‌లో ఆ నియమాన్ని సడలించింది. కేబీఆర్ చుట్టూ కిలోమీటరు అంటే ఇళ్లు, ఆసుపత్రులు, మెట్రో స్టేషన్ అన్నీ అందులోకి వచ్చేస్తాయి, అది కుదిరే పని కాదని నేనూ ఒప్పుకుంటాను. ఎన్నో ఏళ్లుగా అక్కడ బతుకుతున్నవాళ్లు ఎక్కడికి పోతారు? కానీ కిలోమీటరు కుదరదు కాబట్టి మూడు మీటర్లు చాలు అంటే ఎలా? ఉన్న నడకదారి, దాని పక్క చెట్ల వరస, వీటి జోలికి ఎప్పటికీ వెళ్లం అని గట్టిగా రాసుకుని ఉంటే సరిపోయేది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, లెక్క చూడండి. చుట్టుకొలత తక్కువలో తక్కువ అయిదు కిలోమీటర్లు అనుకుందాం. రోడ్డు మీద లైట్లు, హారన్లు, పొగ, గాలికి కొట్టుకొచ్చే కలుపు విత్తనాలు, ఇవన్నీ కంచె దాటి ఒక యాభై మీటర్ల దాకా అడవిని ఇబ్బంది పెడతాయి అనుకుంటే, పాతిక హెక్టార్లు, అంటే అరవై ఎకరాల పైమాట. నాలుగు వందల ఎకరాలు కూడా లేని అడవిలో అరవై ఎకరాలు పేరుకే అడవి. రోడ్డు ఇంకో పది మీటర్లు దగ్గరికి జరిగితే ఆ యాభై మీటర్ల పట్టీ కూడా అంతే లోపలికి జరుగుతుంది. రాత్రి తొమ్మిదింటికి బయట నిలబడి చూడండి, వీధిలైటు వెలుగు ఆకుల మధ్య నుంచి ఎంత దూరం పోతుందో. రాత్రిపూట తిరిగే పునుగుపిల్లి, ముళ్లపంది లాంటివి ఆ వెలుగులోకి రావు. వాటి లెక్కలో అడవి అక్కడికే అయిపోయింది.

ఇక ఫ్లైఓవర్ల సంగతి తెలిసిందే. పార్కు చుట్టూ ఉన్న జంక్షన్లలో ఫ్లైఓవర్లు కడతామని మొదట అన్నప్పుడు 2016లో ఎంతోమంది వాకర్లు, విద్యార్థులు, చుట్టుపక్కల వాళ్లు చెట్ల కోసం రోడ్డు మీదికి వచ్చారు, గ్రీన్ ట్రైబ్యునల్ స్టే ఇచ్చింది. 2024లో మళ్లీ ఆరు జంక్షన్లకు ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అని 826 కోట్ల అంచనాతో ప్లాన్ వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాళ్ల టెన్షన్ నాకూ తెలుసు, ఆ ట్రాఫిక్‌లో నేనూ ఉంటాను. అయినా నా మాట ఒకటే. ఏం కట్టినా కొలతలు కంచె వైపు నుంచి కాదు, అవతలి వైపు నుంచి మొదలుపెట్టండి. చెట్టు పీకి ఇంకోచోట నాటుతాం అంటారు. కంచె పక్కన నలభై ఏళ్ల వేపచెట్టు చేసే పని, అంటే లైటునీ దుమ్మునీ ఆపడం, పది కిలోమీటర్ల అవతల నాటిన మొక్క చెయ్యదు కదా.

అన్నీ ప్రభుత్వం మీదే తోసేయను. మనం కూడా ఉన్నాం. పూజ చేసిన పూలు ప్లాస్టిక్ కవరుతో సహా కంచె మీంచి లోపలికి విసిరేసిన ఒకావిడను నేనే చూశాను. అడవిలో వేస్తే పుణ్యం అనుకున్నారట. పూలు మట్టిలో కలుస్తాయి గానీ కవరు కలవదమ్మా అని చెప్తే, పాపం, ఆవిడ చాలా నొచ్చుకుని మర్నాడు బట్ట సంచితో వచ్చారు. నెమళ్లకు బిస్కెట్లు, మరమరాలు వేసేవాళ్లు మాత్రం ఎంత చెప్పినా వినరు. తిండి బయట దొరుకుతుందని అలవాటైతే నెమలి కంచె దగ్గరే తిరుగుతుంది, అక్కడే కుక్కలూ ఉంటాయి. దయచేసి వెయ్యకండి. ఇంటి రిపేర్ల సిమెంటు పెళ్లలు రాత్రిపూట నడకదారి పక్కన పోసిపోయేవాళ్లు కూడా ఉన్నారు, ఆ మట్టితోపాటే వయ్యారిభామ కలుపు మొక్క వస్తుంది. ఒకసారి వచ్చిందంటే కంచె దాన్ని ఆపలేదు.

నాకు చేతనైతే చేయించేవి పెద్ద ఖర్చువి కావు. పార్కు వైపు లైట్లకు తొడుగు వేసి వెలుగు కిందికే పడేలా చెయ్యాలి. కంచె లోపలి అంచున మన నేల పొదలు, బాగా గుబురుగా పెరిగేవి, ఒక వరస పెంచాలి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కంచె మొత్తం నడిచి కోతపడ్డ చోట్లు చూడాలి. నోటిఫికేషన్‌లో ఉన్న జోన్ ఎక్కడిదాకానో నడకదారి మీద రాయి పాతి తెలుగులో రాసి పెట్టాలి. ఎక్కడ మూడు మీటర్లో, ఎక్కడ ముప్పయ్యో జనానికి కంటికి కనపడితే, రేపు ఎవరైనా దాన్ని దాటినప్పుడు అడగడానికి నలుగురుంటారు.

వెళ్లాలనుకునేవాళ్లకు: పొద్దున్నే వెళ్లండి, వారం మధ్యలో అయితే ఇంకా మంచిది. లోపలికి ప్లాస్టిక్ తీసుకెళ్లకండి. లోపల ఒక చుట్టు అయ్యాక తొందరగా కారెక్కేయకుండా, ఒక్కసారి బయటి నడకదారి మీద కూడా నడవండి. ఎడమ చేతి వైపు అడవి ఉండేలా నడిస్తే రెండు శబ్దాలూ విడివిడిగా వినిపిస్తాయి, ఒక చెవిలో బస్సులు, ఇంకో చెవిలో నెమళ్లు. మధ్యలో వెడల్పు ఎంతుందో మీరే అడుగులతో కొలిచి చూడండి. గేటు దగ్గర రాగిజావ అమ్మేవాళ్లు ఎనిమిదిన్నర దాకా ఉంటారు.