సోలాపూర్‌లో పాత రేసు కారు ఫ్రేమ్ పని: సాంచాల లేత్ షెడ్డుకు ఇవ్వొచ్చా?

అక్కల్‌కోట రోడ్ ఎంఐడీసీ పారిశ్రామికవాడలో సాంచాల (మరమగ్గాల) విడిభాగాలు చేసే ఈ షెడ్డుకు వెళ్లడానికి ఒకటే కారణం, అక్కడి ఇత్తడి వెల్డింగు. 1972కు ముందటి ఒంటి సీటు ఫార్ములా ఫోర్డ్ తరగతి రేసు కార్ల పైపు ఫ్రేములు చాలావరకు బ్రేజింగ్‌తో, అంటే పైపును కరిగించకుండా ఇత్తడిని కరిగించి పోసి, అతికినవే. గ్యాస్ మంట మీద ఆ పని చేయగల చేయి ఇప్పుడు కార్ల గ్యారేజీల్లో దొరకదు. ఇక్కడ దొరుకుతుంది, అదీ తెలుగులో మాట్లాడుకుంటూ.

చాలాచోట్ల పాత అతుకు మీద నేరుగా మిగ్ (ఉక్కునే కరిగించే కరెంటు వెల్డింగు) కొట్టేస్తారు. కొద్దిగా ఇత్తడి మిగిలి ఉన్నా, ఉక్కు కరిగే వేడికి అది ఉక్కు రేణువుల సందుల్లోకి దిగి పగులు తెస్తుంది. పైకి అతుకు నున్నగానే ఉంటుంది, తెగేది మాత్రం రేసులో, సస్పెన్షన్ బ్రాకెట్ దగ్గర. ఈ మేస్త్రి పాత లోహాన్ని మెరిసే ఉక్కు కనబడేదాకా ఆకురాయితో తీసి, మళ్లీ బ్రేజింగే చేస్తాడు. సుమారు 900 డిగ్రీల దగ్గర పూరక లోహం పారుతుంది, పైపు కరగదు.

ఫ్రేమ్‌ను టేబుల్‌కు బిగించి, మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా కొలిచి, ఒకసారికి ఒక్క పైపే కోస్తారు. పైపు చివర చేపనోరులా తీసిన కోత, సందు అర మిల్లీమీటరు దాటకుండా కూర్చుంటుంది. రెండువైపులా మూసుకుపోయే పైపుకు 2 మి.మీ. రంధ్రం పెట్టమని మాత్రం ముందే చెప్పాలి. లేకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి, చివరి అతుకును బయటికి ఊదేస్తుంది.

పైపు మీరే కొనివ్వండి. కొట్టులో "ఒక ఇంచి పైపు" అంటే నీళ్ల పైపు చేతిలో పెడతారు, దాని బయటి వ్యాసం 33 మి.మీ. పైనే. మనకు కావలసింది బయటి కొలత 25.4 మి.మీ., గోడ మందం 18 గేజి అయితే 1.2, 16 గేజి అయితే 1.6. 25 మి.మీ. మెట్రిక్ పైపుతో సరిపెడదామంటే బ్రాకెట్లు వదులవుతాయి. ఎఫ్ఐఏ (ప్రపంచ మోటారు క్రీడల సంస్థ) పాత రేసు కార్లకు పెట్టిన అపెండిక్స్ కె నియమాల కింద కారు తన కాలపు నిర్మాణంలోనే ఉండాలి. అందుకని రుజువుగా కోసిన ముక్కలు పారేయనివ్వకండి, కొత్త పైపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి.

లోపం ఫినిషింగ్‌లో ఉంది. ఫ్లక్స్ (అతికేటప్పుడు లోహాన్ని శుభ్రంగా ఉంచే పొడి) గాజు పెంకులా అతుకు చుట్టూ మిగిలిపోతుంది, వాళ్లు దాన్ని సగమే గీకుతారు. అది తేమ పీల్చి పెయింటును లేపుతుంది. వేడినీళ్లు, వైరు బ్రష్షుతో మీరే దగ్గరుండి కడిగించాలి. పౌడర్ కోటింగ్ వేయిస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆ మందపాటి పొర కింద పగులు దాక్కుంటుంది. పలుచటి ఎనామెల్ చాలు.

ఇంజిన్ బ్లాక్ బోరింగ్, హెడ్ ఫేసింగ్ బాగానే చేస్తారు. మెగ్నీషియం అప్‌రైట్లు (చక్రం హబ్బును పట్టి ఉంచే భాగాలు) మాత్రం ఇవ్వకండి. శుభ్రం చేయడానికి యాసిడ్ తొట్టిలో ముంచితే అది లోహాన్నే తినేస్తుంది. వాటికి పగుళ్ల పరీక్ష రంగు ద్రవంతోనే జరగాలి, అయస్కాంత పరీక్ష వాటి మీద పనిచేయదు. విష్‌బోన్లకు (చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే సస్పెన్షన్ చేతులకు) మెరుపు కోసం ప్లేటింగ్ (లోహపు పూత) వేయిస్తే గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దిగి పెళుసవుతుంది. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే 190–200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చే ఏర్పాటు ఈ షెడ్డులో లేదు, కాబట్టి వాటికి పెయింటే వేయించండి.