పార్కుకి నాలుగు స్టార్లు, వచ్చేవాళ్ళకి రెండే

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఒక ప్రైవేటు డాగ్ పార్కుకి ఆరు నెలలుగా ప్రతి ఆదివారం మా లడ్డూగాడిని తీసుకెళ్తున్నాం. పేరు రాయను, నా గొడవ ఎక్కువగా అక్కడికొచ్చే జనంతోనే. లడ్డూ పక్కా వీధి కుక్క, మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వెనక దొరికాడు. బెల్టు లేకుండా పరిగెత్తే చోటు మాకు దగ్గర్లో ఇదొక్కటే. కబ్బన్ పార్కులోనూ 2022లో కుక్కల్ని రానివ్వం అన్నారు, పెంట తీయట్లేదనీ బెల్టులు విప్పి వదిలేస్తున్నారనీ ఫిర్యాదులట. జనం గోల చేశాక ఆగారనుకోండి, కానీ ఆ ఫిర్యాదుల్లో నిజం లేదని అనలేం.

పార్కు మటుకు బాగుంది. ఎత్తైన కంచె, చిన్న కుక్కలకి వేరే చోటు, లోపలికి వెళ్ళే ముందు టీకాల పుస్తకం చూస్తారు. రేబిస్‌ది, పార్వో లాంటి జబ్బులకి కలిపి వేసే సెవెన్ ఇన్ వన్‌ది రెండూ వేయించి ఉండాలి. అన్నిటికన్నా నచ్చింది రెండు గేట్ల పద్ధతి. మొదటిది మూసుకున్నాకే రెండోది తీయాలి, ఆ మధ్యలో నిలబడి బెల్టు విప్పాలి. సగం మంది ఇదొక్కటే చేయరు! బెల్టుతోనే లోపలికి లాక్కొస్తారు, వదిలేసి ఉన్న నాలుగైదు కుక్కలు వాసన చూడ్డానికి చుట్టుముడతాయి, కట్టేసి ఉన్నదానికి పారిపోయే దారి ఉండదు కాబట్టి భయంతో గుర్రుమంటుంది, ఇంక అక్కడే మొదలు.

పోయిన నెల మాకు జరిగింది వేరే. బొమ్మలు, తిండి తేవద్దని గేటు మీద పెద్దక్షరాల్లో రాసుంటే ఒకాయన జేబులోంచి బంతి తీసి విసిరాడు. ఆయన లాబ్రడార్, మావాడు ఒకేసారి ఉరికారు. అప్పటిదాకా ముందుకాళ్ళు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి ఆటకి పిలుచుకుంటున్న రెండూ బంతి దగ్గర కర్రల్లా బిగుసుకుపోయాయి. లడ్డూ మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడే పిలిచేసుంటే అయిపోయేది. నేను "సార్, మీదాన్ని పిలవండి" అంటే ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "మావాడు ఏమీ అనడండీ" అన్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలవుతుంది. రెండు సెకన్లలో లడ్డూ చెవి చిరిగింది, విడదీయబోయి మా ఆయన చెయ్యి గీరుకుపోయింది. పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, నేరుగా ఇంజెక్షన్‌కి పరిగెత్తాం. పార్కువాళ్ళు సారీ చెప్పారు, ఆ బంతి మనిషి మళ్ళీ వచ్చే ఆదివారం అక్కడే కనిపించాడు. ఒక స్టార్ కోసింది అందుకే.

నేనేం మహాత్మురాలిని కాదు. ఒకసారి కాఫీ తాగుతూ కబుర్లలో పడి లడ్డూ మూలకెళ్ళి కూర్చోవడం చూళ్ళేదు. నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక బాబాయ్ గారు "అమ్మా, మీవాడు అటు కానిచ్చాడు" అని తన జేబులోంచే కవరు తీసిచ్చారు. సిగ్గేసింది. ఆ పెంటలో పార్వో వైరస్ ఉంటే మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలకి ప్రాణాంతకం. ఎదకొచ్చిన ఆడకుక్కని తెచ్చినావిడ సంగతి ఇంక రాయను, ఆ రోజు ఎవరూ ఆడుకోలేదు.

మళ్ళీ వెళ్తారా అంటే వెళ్తాం, కానీ ఆదివారం మానేసి శనివారం పొద్దున్నే ఏడింటికి. ఆ టైముకి బాబాయ్ గారి ముసలి పగ్, ఇంకో రెండు కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. నీళ్ళ గిన్నె మీదే పట్టుకెళ్ళండి, తొమ్మిదయ్యేసరికి అక్కడి టబ్బులో సగం బురదే.