మూడు కాళ్ల పుల్లర్: డ్రమ్ తప్ప అన్నీ కదిలాయి

వెనక బ్రేక్ షూలు (డ్రమ్ లోపలి గోడకి ఒత్తుకుని బండిని ఆపే ముక్కలు) మార్చుదామని కారు లేపి, చక్రం తీసి చూస్తే వాటి మీద బోర్లించిన గిన్నెలాంటి డ్రమ్, చక్రం బిగించే హబ్‌కి అతుక్కుపోయి ఉంది. రెండు చేతులతో పట్టి లాగినా వెంట్రుకవాసి జరగలేదు. నవ్వకండి, మొదటి పావుగంట హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచాను. అది దించి, ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మెలు పెట్టి లాగినా అదే కథ, అందుకే ఈ మూడు కాళ్ల పుల్లర్ తెప్పించాను, కాళ్ల కొసలున్న కొక్కేలతో అంచు పట్టుకుని మధ్య స్క్రూ బిగిస్తే లాగేసే పనిముట్టు. కంపెనీ పేరు చెప్పను, తప్పు సగం దానిదైతే సగం నాది.

వస్తువు చూడ్డానికి బాగుంది. మంచి బరువు, మధ్య స్క్రూ నున్నగా తిరుగుతుంది. చిక్కంతా కొక్కేల దగ్గర. డ్రమ్ అంచు వెనకున్న ప్లేటులోకి కాస్త దూరి ఉంటుంది, ఆ సందులో గోరు పట్టడమే కష్టం, ఇంత లావు కొక్కెం ఎక్కడ పడుతుంది? రెండు కాళ్లు ఎలాగో ఇరికించి మూడోది సర్దేలోపు మొదటిది జారిపోయేది. చివరికి మూడూ పట్టాయి కదా అని పానాతో స్క్రూ బిగిస్తుంటే ఠప్ మంది, ఊడొచ్చిందనుకుని సంబరంగా వంగి చూస్తే ఊడింది డ్రమ్ కాదు, దాని అంచున బొటనవేలి గోరంత పెచ్చు. పోత ఇనుము మరి, వంగదు, పెళుసుగా విరుగుతుంది.

పుల్లర్ పక్కన పడేసి, డ్రమ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో గీకితే తుప్పు కింద రెండు చిన్న మర చిల్లులు బయటపడ్డాయి. ఇవి ఉన్నాయని నాకు తెలియదు, ముందే తెలిస్తే ఈ రివ్యూయే ఉండేది కాదు. వీటిలో బోల్టు బిగిస్తే దాని కొన హబ్‌ని తన్ని డ్రమ్‌ని బయటికి నెడుతుంది. చాలా కార్లలో వీటికి 8 మిల్లీమీటర్ల బోల్టు, మర చుట్ల మధ్య ఎడం 1.25 మిల్లీమీటర్లు ఉన్నది సరిపోతుంది. నడిమి రంధ్రం చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు వదిలేసి, రెండు బోల్టులూ ఎక్కించి ఒకదానికి అర చుట్టు, రెండోదానికి అర చుట్టు తిప్పుతూ పోయాను. ఒకటే బిగిస్తూ పోతే డ్రమ్ ఓరగా తిరిగి ఇంకా బిగుసుకుంటుంది. మధ్యలో స్టడ్‌ల (చక్రం నట్లు ఎక్కే మర కడ్డీల) నడుమ సుత్తితో నాలుగు తట్లు. నాలుగో ఐదో చుట్టులో టక్ మని చిన్న చప్పుడు, అంతే, డ్రమ్ చేతిలోకి వచ్చేసింది. హబ్, డ్రమ్ కలిపి ఒకే ముక్కగా వచ్చే కార్లలో మాత్రం ఇది కుదరదు, అక్కడ మధ్య నట్టు తీయాల్సిందే.

రెండో వైపు ఇంకో తలనొప్పి. బోల్టులతో మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఆగిపోయింది, తిప్పితే తిరుగుతోంది కానీ రావట్లేదు. అంటే పట్టుకున్నది తుప్పు కాదు, షూలు. ఏళ్ల తరబడి రాసుకుని డ్రమ్ లోపల అరిగిపోయి, అంచు దగ్గర మెట్టులా మిగిలింది, షూలు దాని వెనక ఇరుక్కున్నాయి. ఇలాంటప్పుడు ఏ పుల్లర్‌తో లాగినా లోపలి స్ప్రింగులూ పిన్నులూ పాడవడమే. వెనక ప్లేటుకున్న రబ్బరు బిరడా తీసి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపలి మీటను పక్కకి నెట్టి పట్టుకుని, ఇంకోదానితో అడ్జస్టర్ (షూలని డ్రమ్‌కి దగ్గరగా, దూరంగా జరిపేది) పళ్ల చక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పాలి. నేను మొదట అటువైపు తిప్పాను, డ్రమ్ ఇంకా బిగిసింది, ఇటు తిప్పితే వదులైంది. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి.

డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం పోతలోనే అచ్చేసి ఉంటుంది. కొలిస్తే రెండోది అది దాటేసింది, మొదటిది ఎలాగూ పెచ్చూడింది, రెండూ కొత్తవే వేశాను.

పుల్లర్‌కి 5కి 2. పుల్లీలకి, బేరింగులకి పనికొస్తుందేమో, డ్రమ్ కోసమైతే కొనకండి. తిరిగి పంపుదామని అడిగితే కొక్కెం కొన మీద గీతలు పడ్డాయి, వాడిన సరుకు తీసుకోం అన్నారు. ఆ గీతలు నా డ్రమ్ వల్ల పడ్డవే.